ఇంటి తెలుగు, బడి తెలుగు

మాది హోసూరు దగ్గర ఒక పల్లెటూరు. ముత్తాతల నాటి నుంచీ ఇక్కడే మడక పట్టి బ్రతుకుతున్నాము. మా వీధిలో కన్నడం వినిపిస్తుంది, సంతలో తమిళం వినిపిస్తుంది, ఇంట్లో మాత్రం తెలుగే. మూడు భాషలూ మా పిల్లలకు నడక నేర్చినంత సులువుగా వస్తాయి. అందులో మాకు ఎన్నడూ ఇబ్బంది కలగలేదు. ఇబ్బంది వచ్చింది తెలుగుతోనే, అదీ తెలుగు బడిలోనే.

మా చిన్నమ్మాయి రెండో తరగతి చదువుతున్నది. ఒకనాడు బడిలో "మా ఇల్లు" అనే విషయం మీద నాలుగు మాటలు వ్రాయమన్నారట. మా పిల్ల ఇలా వ్రాసింది: "మా ఇంట్లో అవ్వ ఉండాది. నేను బడి నుంచి వస్తే అవ్వ నాకు సంగటి పెడతాది." అయ్యవారు "ఉండాది" అన్నదాన్నీ, "పెడతాది" అన్నదాన్నీ ఎర్రసిరాతో కొట్టివేసి, పైన "ఉంది", "పెడుతుంది" అని దిద్దినారు. దిద్దితే దిద్దినారు, అది ఆయన పని. కాని తరగతిలో నలుగురి ఎదుట చదివి వినిపించి, "ఇది తెలుగు కాదు, మొరటు మాట" అన్నారట. పిల్లలు నవ్వినారట.

ఆ సాయంకాలం మా పిల్ల ఇంటికి వచ్చి పలక సంచి మూలకు వేసి, మా అమ్మతో, "అవ్వా, నీకు తెలుగు రాదంట" అన్నది.

మా అమ్మ మొదట నవ్వింది. తరువాత నా వైపు తిరిగి, "మా అమ్మ ఇట్లే మాట్లాడె, వాళ్లమ్మా ఇట్లే మాట్లాడె. ఇన్నాళ్లూ మేము మాట్లాడింది ఏం భాష నాయనా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది.

అసలు సంగతి ఆ తరువాతి నాలుగు దినాల్లో బయటపడింది. అవ్వ తెలుగులో పలకరిస్తే పిల్ల తమిళంలో బదులు చెప్పడం మొదలుపెట్టింది. ఎందుకమ్మా అని నేను అడిగితే, "తమిళంలో మాట్లాడితే ఎవరూ నవ్వరు నాయనా" అన్నది.

చదువరులు ఈ ఒక్క మాటను కాస్త ఆలోచించవలెనని నా ప్రార్థన. విజయవాడలోనో గుంటూరులోనో ఒక పిల్లవాడి మాటను పంతులుగారు తప్పు పడితే, వాడు మరొక తెలుగు నేర్చుకుంటాడు. మన పిల్ల అలా చేయదు. తెలుగే వదిలిపెడుతుంది. చుట్టూ వేరే భాషలు చేతికి అందేంత దూరంలో సిద్ధంగా ఉన్నాయి గదా! కాబట్టి ఇంటి మాటను బడి ఎట్లా చూస్తుందనేది ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల్లో ఉన్నవారికి మర్యాద విషయం కావచ్చు. హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో, షోలాపురంలో ఉన్న మనకు అది భాష నిలుస్తుందా పోతుందా అనే విషయం.

తప్పా, తేడాయా?

మొదట ఒక సంగతి తేల్చుకోవాలి. అవ్వ మాట నిజంగా తప్పేనా?

"చేస్తాను, చేస్తావు, చేస్తాడు, చేస్తారు" అని అందరమూ అంటాము. అన్నిటిలోనూ "స్తా" వినబడుతుంది. కాని ఆవు విషయానికో, ఆడపిల్ల విషయానికో వచ్చేసరికి పుస్తకం "చేస్తుంది" అంటుంది. మా అవ్వ "చేస్తాది" అంటుంది. రెంటిలో ఏది వరుస తప్పింది? పుస్తకం మాటే! ఉత్తరాన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లోనూ ఈ "చేస్తాది", "వస్తాది" వినిపిస్తాయి. అంటే తెలుగు దేశానికి ఆ కొసనా ఈ కొసనా ఉన్నవారు ఒకే వరుసను పాటిస్తున్నారన్నమాట.

"వచ్చినాడు" అనే మాటను తీసుకోండి. రాయలసీమలో, తెలంగాణలో, దక్షిణాదిన మన ఇండ్లలో నిత్యం వాడే మాట. పుస్తకంలో "వచ్చాడు" అని ఉంటుంది. వీటిలో పాతది "వచ్చినాడు". నడిమి అక్షరం జారిపోగా మిగిలింది "వచ్చాడు". పాతమాటను ఇంకా దాచుకున్నవాడిది మొరటు మాట ఎట్లా అవుతుంది? "పోతిని, చేస్తిని, వింటిని" అని మా వైపు ముసలివారు అంటారు. కావ్యాలు చదివినవారికి ఈ రూపాలు కొత్త కావు. పద్యంలో కనబడితే పండితులు మెచ్చుకునే మాట, పిల్లవాడి నోట వినబడితే ఎర్రసిరాకు గురి అవుతున్నది!

తేడా వేరు, తప్పు వేరు. "కల" అని వ్రాయవలసిన చోట "కళ" అని వ్రాస్తే అది తప్పు, అర్థమే మారిపోతుంది. "ఉంది" అనే చోట "ఉండాది" అని వ్రాస్తే అది తేడా. "ఉండు" అనే ధాతువు అందులో కంటికి కనబడుతూనే ఉన్నది. ఈ రెంటినీ ఒకే సిరాతో కొట్టివేయడంలోనే చిక్కంతా వస్తున్నది.

పర్లాకిమిడి పంతులుగారు

ఈ చర్చ మనకు కొత్తది కాదు. నూరేండ్లు దాటింది. విచిత్రమేమంటే, ఈ చర్చను లేవదీసిన మహనీయుడు జీవితంలో అధికభాగం గడిపిన ఊరు నేడు ఆంధ్రదేశంలో లేదు, ఒడిశాలో ఉన్నది. ఆ ఊరు పర్లాకిమిడి, ఆ మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

1863లో శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టిన రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడి బడిలో ఉపాధ్యాయుడుగా చేరారు. చుట్టూ కొండల్లో సవరలు ఉండేవారు. వారి భాషకు అప్పటికి లిపి లేదు, పుస్తకం లేదు. నాగరికులలో దానిని భాషగా లెక్కించినవారే అరుదు. పంతులుగారు సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు వ్రాశారు. సొంత డబ్బు పెట్టి వారికి బళ్లు నడిపారు. వ్యాకరణం కూర్చారు, దానిని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది.

ఈ వరుస గమనించండి. వ్యావహారిక భాషా ఉద్యమానికి దిగకముందే ఆయన సవర పిల్లల బడి నడిపారు. పిల్లవాడికి తెలిసిన మాటతో మొదలుపెడితే చదువు ఎంత త్వరగా అంటుతుందో ఆయన కొండకోనల్లో కళ్లారా చూశారు. చూచిన తరువాత, తెలుగు పిల్లవాడికి మాత్రం వాడు ఎరుగని భాషలో ఎందుకు చదువు చెప్పవలెనని అడిగారు.

ఆనాటి బడి పుస్తకాల్లోని తెలుగు ఎవరి నోటా వినిపించేది కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణం ప్రమాణంగా పెట్టుకొని, "వచ్చుచున్నాడు, చేసెను, పోయితిని" అంటూ వ్రాయాలి. ఆ పుస్తకం చదివించే పండితుడే ఇంటికి పోయి అలా మాట్లాడేవాడు కాదు. ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్సు దొరకు, ఇంట్లో తెలుగు ఒకటీ బడిలో తెలుగు మరొకటీ ఎందుకయిందని సంశయం కలిగింది. ఆయన అడిగిన ప్రశ్న విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల అధిపతి పి.టి. శ్రీనివాస అయ్యంగారినీ, విజయనగరంలో ఉన్న గురజాడ అప్పారావుగారినీ, పర్లాకిమిడిలో ఉన్న రామమూర్తిగారినీ ఒక తాటి మీదికి తెచ్చింది.

తరువాతి కథ చాలామంది ఎరిగినదే. 1911లో ఆంధ్రసాహిత్య పరిషత్తు ఏర్పడి, జయంతి రామయ్య పంతులుగారి వంటి ప్రముఖుల చేయూతతో గ్రాంథికాన్ని కాపాడడానికి పూనుకొన్నది. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసం వాడుకభాషలోనూ వ్రాయవచ్చునని వెసులుబాటు వచ్చింది. వచ్చినంత వేగంగానే అలజడి లేచి అది వెనక్కు పోయింది. 1914లో గురజాడవారు మద్రాసు విశ్వవిద్యాలయ సంఘంలో సభ్యుడుగా తన అసమ్మతిని సవిస్తరంగా వ్రాసి ఇచ్చారు. మరుసటి ఏడు ఆయన పోయారు. రామమూర్తిగారు ఒంటరిగానైనా వదలలేదు. 1919లో "తెలుగు" అనే పత్రిక నడిపారు. ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చారు. గ్రాంథికం తప్ప మరొకటి వ్రాయరాదన్న పండితుల గ్రాంథికంలోనే తప్పులు ఏరి చూపించారు.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, దానిని ప్రతిఘటించిన ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకొన్నారు. 1940లో కన్నుమూశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. సభల్లో దండలు వేస్తున్నాము, ఉపన్యాసాలు వింటున్నాము. మంచిదే. కాని ఆయన అడిగిన ప్రశ్నను మన బళ్లలో ఇప్పటికీ పూర్తిగా వినిపించుకొన్నామా?

బెత్తం అదే, తప్పు మారింది

వాడుకభాష చివరకు గెలిచింది. చాలా దశాబ్దాలు పట్టినా, పత్రికల్లోకీ తరువాత పాఠ్యపుస్తకాల్లోకీ వచ్చింది. కాని ఏ వాడుక వచ్చింది? నాలుగు కోస్తా జిల్లాల చదువుకొన్నవారి నోటిలో నలిగిన వాడుక. దానికి శిష్ట వ్యావహారికం అని పేరు. వ్రాతకు ఒక పొందిక ఉండాలి గనుక అటువంటిది ఒకటి కావలసినదే; దానిని నేను కాదనను. కాని ఒక ముచ్చట జరిగింది. పూర్వం "వచ్చాడు" అని వ్రాస్తే, "వచ్చెను" అని దిద్దేవారు. ఇప్పుడు "వచ్చినాడు" అని వ్రాస్తే "వచ్చాడు" అని దిద్దుతున్నారు. తప్పు మారింది గాని బెత్తం మారలేదు!

ఈ దెబ్బ బాగా తిన్నవారు తెలంగాణ సోదరులు. 1956లో రాష్ట్రాలు కలిసిన తరువాత, వారి "వస్తున్న, పోయిన, గట్ల, గిట్ల" అనే పలుకుబడి సినిమాల్లో హాస్యగాడి పాలైంది, బళ్లలో దిద్దుబాటు పాలైంది. పుస్తకం పలికేది ఒక ప్రాంతపు మాటే అయినప్పుడు మిగతా ప్రాంతాల పిల్లల గతి ఏమిటని కాళోజీ నారాయణరావుగారు జీవితమంతా అడుగుతూ వచ్చారు. ఆయన పుట్టిన సెప్టెంబరు 9వ తేదీని 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రం తన భాషా దినోత్సవంగా పెట్టుకొన్నది. మాటను అవమానిస్తే మనిషి ఎంతకాలం గుర్తు పెట్టుకొంటాడో దీనినిబట్టి తెలుస్తున్నది.

షోలాపురంలో మగ్గాల దగ్గర స్థిరపడిన మన పద్మశాలీ కుటుంబాల పలుకుబడి ఆ తెలంగాణపు పలుకుబడే. బరంపురంవారిది కళింగపు పలుకుబడి. అక్కడ పిల్లవాడు "గుంటడు". యానాంవారిది గోదావరి యాస. మాటకు ముందొక "ఆయ్" వెనకొక "అండి". బళ్లారి, కోలారు, హోసూరువారిది సీమ యాస. ఎవరి పుట్టింటి వాసన వారిది. విడివిడిగా చూస్తే ఇవి చిన్న గుంపులుగా కనబడవచ్చు; కలిపి చూస్తే తెలుగు అనే మాటకు ఉన్న వెడల్పంతా వీటిలోనే ఉన్నది.

పండితులు ఏరుకొన్న మాటలు

బడి కొట్టివేసిన మాటలను పండితులు ఏరుకొని పదిలం చేయడం కూడ మన కాలంలోనే జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం ప్రచురించింది. అది వ్యవసాయపు మాటల కోశం. రెండవ సంపుటం 1971లో వచ్చింది. అది చేనేత మాటలది. విద్వాంసులు జిల్లా జిల్లాకూ పోయి, రైతులనూ నేతగాండ్లనూ గురువులుగా కూర్చోబెట్టుకొని, వారు చెప్పిన మాటలను చెప్పినట్టు వ్రాసుకొన్నారు. ఒకరు నాగలి అంటే మరొకరు మడక అంటారు. ఒకరు పల్లీలు అంటే మరొకరు శనక్కాయలు, ఇంకొకరు బుడ్డలు అంటారు. ఏ ఒక్కటీ తప్పు మాట అని ఆ కోశం అనలేదు. ఈ మాట ఇక్కడ వాడతారు, ఆ మాట అక్కడ వాడతారు అని మాత్రమే చెప్పింది.

మనలో ఒకరి సంగతి ఇక్కడ తలచుకోవలెను. కోవిల్‌పట్టి దగ్గర ఇడైచెవల్ అనే ఊరిలో, ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టిన కి. రాజనారాయణన్‌గారు తమిళంలో మహారచయిత అయ్యారు. వారి బడి చదువు ఏడవ తరగతి దాటలేదు. ఆయన గ్రంథాల తమిళాన్ని కాక, కరిసల్‌కాడు అనే నల్లరేగడి నేలమీది పల్లెజనం పలికే తమిళాన్నే తన కథలకు ఎన్నుకొన్నారు. ఆ పలుకుబడికి ఒక నిఘంటువు కూడ కూర్చారు. తెలుగునాడు నుంచి వలస వచ్చిన మన పెద్దల కథను "గోపల్ల గ్రామం" అనే నవలగా వ్రాశారు. 1991లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. ఏడవ తరగతితో ఆగిన ఆ మనిషిని పుదుచ్చేరి విశ్వవిద్యాలయం పిలిచి ఆచార్య పీఠం మీద కూర్చోబెట్టింది. బడి వద్దన్న పలుకుబడికే విశ్వవిద్యాలయం పీట వేసింది!

ఇతర దేశాల్లో

పల్లె మాటను పట్నపు బడి చిన్నచూపు చూడడం మన ఒక్కరి జబ్బు కాదు. దానికి మందు వెదికినవారూ ఉన్నారు.

నార్వే దేశంలో, మౌఖికంగా చెప్పే చదువు వీలైనంతవరకు పిల్లల సొంత పలుకుబడిలోనే సాగవలెనని 1878లోనే పార్లమెంటు తీర్మానించింది. వ్రాతకు ప్రామాణిక రూపాలు నేర్పుతారు. మాటకు వచ్చేసరికి పిల్లవాడు తన ఊరి యాసలోనే జవాబు చెప్పవచ్చు. అందువల్ల ఆ దేశంలో చదువు చెడిపోలేదు.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్ పట్టణంలో కొందరు నల్లజాతి పిల్లల తల్లులు బడి మీద వ్యాజ్యం వేశారు. తమ పిల్లల ఇంటి మాటను ఉపాధ్యాయులు అర్థం చేసుకోకపోవడం వల్ల పిల్లలు చదవడంలో వెనుకబడుతున్నారని వారి వాదన. 1979లో జడ్జి చార్లెస్ జాయినర్ ఇచ్చిన తీర్పు గమనించదగినది. ఇంటి మాటలోనే చదువు చెప్పండని ఆయన అనలేదు. ప్రామాణికమైన ఇంగ్లీషు నేర్పవలసినదే, కాని దానిని నేర్పే ఉపాధ్యాయులు ముందుగా పిల్లల ఇంటి మాటను గుర్తించడం, ఆ తెలివిడితో చదువు చెప్పడం నేర్చుకోవలెను, అందుకు ఒక పథకం తయారుచేయండి అని అధికారులను ఆదేశించారు.

నా దృష్టిలో మొత్తం వివాదానికి ఇదే కీలకం. మారవలసింది పిల్ల నోరు కాదు. మొదట మారవలసింది పంతులుగారి చెవి.

అయ్యవారి మాట

ఇంత ఆలోచించుకొని ఒకనాడు నేను మా పిల్ల అయ్యవారిని చూడబోయినాను. తగవు పెట్టుకోవాలని పోలేదు. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి నా మాట అంతా విన్నారు. ఆయన చెప్పినదీ న్యాయంగానే ఉన్నది.

"అయ్యా, పరీక్షలో ఉండాది అని వ్రాస్తే మార్కు పోతుంది. ఎవరు దిద్దుతారో వారికి మీ అవ్వ తెలియదు గదా! రేపు ఈ పిల్ల పెద్ద చదువుకు తిరుపతి పోతే అక్కడివాళ్లు నవ్వకూడదనే ఇప్పుడు దిద్దుతున్నాను. పైగా ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క మాట ఒప్పుకొంటే పుస్తకం ఏ భాషలో వ్రాయాలి?"

గ్రాంథికం పక్షాన పండితులు నూరేండ్ల క్రిందట చెప్పిన వాదనే ఇది. దీనిని తేలిగ్గా తీసివేయరాదు. నలుగురికీ అర్థమయే వ్రాతభాష ఒకటి ఉండాలి. అది రాని బిడ్డ నష్టపోతుంది. పల్లె పిల్లలకు ఆ భాష నేర్పకుండా "మీకు మీ మాట చాలు" అని వదిలివేయడం కూడ ఒక అన్యాయమే.

కాసేపటికి ఆయన గొంతు తగ్గించి మరొక మాట చెప్పినారు. ఆయనదీ మా పక్క ఊరే. చిన్ననాడు "యాడికి పోతాండావు" అన్నందుకు ఆయనకూ బడిలో దెబ్బలు పడినాయట. ఉపాధ్యాయ శిక్షణకు పోయినప్పుడు తోటివారు నవ్వితే, కష్టపడి మాట మార్చుకొన్నారట. "ఆ నవ్వు ఈ పిల్లలకు తప్పాలనే నా తాపత్రయం" అన్నారు.

అప్పుడు నాకు ఆయన మీద కోపం పోయింది. తనను నవ్వినవారి నుంచి పిల్లలను కాపాడాలని, తానే ముందుగా నవ్వించినారు. మన బళ్లలో చాలామంది ఉపాధ్యాయుల వైఖరి వెనుక ఉన్నది అహంకారం కాదు, ఇటువంటి పాత గాయమే అని నేను అనుకొంటున్నాను.

ఏం చేయవచ్చును?

మేమిద్దరమూ కూర్చొని అనుకొన్న కొన్ని పద్ధతులు ఇక్కడ వ్రాస్తున్నాను. ఇవి ఖర్చుతో కూడినవి కావు.

మొదటిది, "తప్పు" అనే మాట మానివేయడం. పిల్ల "ఉండాది" అని వ్రాస్తే, కొట్టివేయకుండా పక్కన "పుస్తకంలో: ఉంది" అని వ్రాయడం. నోటుబుక్కులో ఒక పుటను నిలువున రెండుగా గీసి, ఒక వైపు ఇంటి మాట, మరొక వైపు బడి మాట వ్రాయించడం. రెండూ పక్క పక్కన కనబడితే పిల్లలు తేడాను తామే పట్టుకొంటారు. ఒకటి మరచి మరొకటి నేర్చుకోవలసిన పని ఉండదు.

రెండవది, విషయం వేరు, భాష వేరు అని గుర్తుంచుకోవడం. లెక్కల తరగతిలోనో సైన్సు తరగతిలోనో పిల్లవాడు "నీళ్లు కాగితే ఆవిరి వస్తాది" అంటే, సైన్సు సరిగా చెప్పినాడు. అక్కడ "వస్తుంది" అని దిద్దితే వాడికి ఆవిరి సంగతి మరచిపోయి అవమానం మాత్రం గుర్తుంటుంది. భాష దిద్దుబాటు తెలుగు తరగతికి ఉంచితే చాలు.

మూడవది, మొదటి రెండు తరగతుల్లో నోటితో చెప్పే జవాబు ఏ యాసలో చెప్పినా ఒప్పుకోవడం. పిల్ల ముందు నోరు విప్పాలి. మూసుకొన్న నోటికి ఏ భాషా నేర్పలేము.

నాలుగవది, ఇంట్లో అవ్వ తాతల వద్ద ఒక కథ విని, విన్నది విన్నట్టు వ్రాసుకొని రమ్మనడం. తరువాత తరగతిలో అందరూ కలిసి దానిని బడి తెలుగులోకి మార్చడం. పిల్లలకు రెండు తెలుగులూ వస్తాయి. అవ్వ కథా నిలుస్తుంది.

అయిదవది మన ప్రాంతాలకు ముఖ్యమైనది. పక్క భాషల నుంచి మన ఇండ్లలోకి వచ్చిన మాటలు ఎన్నో ఉన్నాయి. పిల్ల బడిని తమిళంలోని "పళ్లికూడం" అంటే కసరవద్దు. "అది తమిళం, మన తెలుగులో బడి అంటాము" అని చెబితే చాలు. ఉన్న మాట ఊడబెరకకుండా పక్కన మరొక మాట నాటాలి.

మన వంతు

పంతుళ్లను మాత్రమే అని లాభం లేదు. మనలో చాలామంది పిల్లలకు తెలుగు బడే లేదు. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించవలెనని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం చెబుతున్నది. వీలున్నంతవరకు అయిదవ తరగతి దాకా ఇంటి భాషలోనో మాతృభాషలోనో బోధించవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానం చెబుతున్నది. కాగితం మీది మాట ఊరి బడి దాకా రావాలంటే అడిగేవాడు ఉండాలి. అడగడానికి మనకే, మన తెలుగు మీద కాస్త గౌరవం ఉండాలి.

ఆ గౌరవం ఉన్నదా? పెండ్లిండ్లలో హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో చుట్టాలు వస్తే, "మాది మంచి తెలుగు కాదులెండి" అని మనమే ముందుగా చెప్పుకొంటాము. వారు నవ్వకముందే మనమే నవ్వుతాము. పక్కనే నిలబడి మన పిల్లలు ఇదంతా వింటున్నారు. బడిలో అయ్యవారు ఎర్రసిరాతో చెప్పినదే మనం ఇంట్లో నవ్వుతూ చెబుతున్నాము. రెంటికీ ఫలితం ఒక్కటే.

మన సంఘాలు ఆదివారం నాడు తెలుగు తరగతులు నడిపే చోట, పుస్తకం తెలుగుతో పాటు మన ఇంటి మాటలకూ అరగంట కేటాయిస్తే బాగుంటుంది. పిల్లలు ఇంటి నుంచి వారానికి పది మాటలు తెచ్చి పలక మీద వ్రాయాలి. పెద్దవారిని పిలిచి అర్థం చెప్పించాలి. అక్షరం రాని అవ్వ ఆ అరగంట గురువు అవుతుంది. ఆమెకు అది ఎంత ఆనందమో, మనుమరాలికి అది ఎంత గర్వమో వేరే చెప్పనక్కరలేదు.

మా పిల్ల సంగతి చెప్పి ముగిస్తాను. అంతా ఒక్కనాటిలో సర్దుకొన్నదని చెబితే అబద్ధమవుతుంది. ఇప్పటికీ అప్పుడప్పుడు అవ్వకు తమిళంలో బదులు చెబుతుంది. కాని అయ్యవారు మాట నిలబెట్టుకొన్నారు. నోటుబుక్కులో నిలువు గీత పడింది. మొన్న పాఠంలో "తిరగలి" అనే మాట వచ్చిందట. అదేమిటో తెలియక మా పిల్ల అవ్వను అడిగింది. బొమ్మ చూపించింది.

"ఇదా? ఇది ఇసుర్రాయి గదమ్మా! రాగులు ఇసిరేది" అని అవ్వ పెరట్లోకి తీసుకొనిపోయి, ఎన్నో ఏండ్లుగా మూలన పడివున్న రాయిని చూపించింది. పిల్ల పిడి పట్టుకొని తిప్పజూసింది, తిరగలేదు. ఇద్దరూ కలిసి పట్టి తిప్పినారు.

రాత్రి నోటుబుక్కు తెరిచి చూచినాను. గీతకు ఒక వైపు "తిరగలి" అని ఉన్నది. రెండవ వైపు "ఇసుర్రాయి" అని, దాని క్రింద చిన్న అక్షరాలతో "మా అవ్వ చెప్పింది" అని ఉన్నది. ఎర్రసిరా ఎక్కడా లేదు.